పేరు పడ్డ కుప్ప

రేవుకు, ఫౌజు మాటల్లో ఘాటుకు, చేరేసరికి పొద్దున పదిన్నర అయింది. జులై రెండో వారం. ఆత్మకూరు దాటాక పదకొండు మైళ్లు లారీలో వచ్చాం. ఆఖరి నాలుగు మైళ్లు రోడ్డు కాదు, బండ్ల బాట. నల్లరేగడి తడిసి చక్రాలను పట్టుకుంది. రెండుసార్లు దిగి తోశాం. వీపు మీద కిట్‌బ్యాగు, ఒళ్లో వైర్‌లెస్ సెట్టు. నా గ్రౌండ్‌షీటు సెట్టుకు కప్పి నేను తడిశాను. సెట్టు పాడైతే జవాబు చెప్పుకోవాలి, మనిషి తడిస్తే ఆరిపోతాడు.

నాకు ఒళ్లు మండుతోంది. ఫౌజులో చేరింది దూరం పోవడానికి. మాది నల్గొండ పక్కన మగ్గాల ఊరు. బాపు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ముప్ఫై ఏళ్లు ఒక్క చోటే కూర్చున్నాడు. నేను అట్లా కూర్చోను, మంచుకొండలు చూసి వస్తాను అని గొప్పలు పోయి సంతకం పెట్టాను. అరవయ్యో దశకం మొదట్లో, చేరిన మూడో ఏట, ఫౌజు నన్ను మహబూబ్‌నగర్ జిల్లాకు పంపింది. మా ఊళ్లో బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. బాపు నవ్వుతాడని ఉత్తరం కూడా రాయలేదు.

లారీ దిగి కృష్ణను చూశాక ఆ కోపం కాసేపు గుర్తురాలేదు. నాకు తెలిసినవి బావి నీళ్లు, చెరువు నీళ్లు. అవి ఉన్న చోటే ఉంటాయి. ఇది అర మైలు వెడల్పు, ఇటుక రంగు, ఇళ్లంత బండల మధ్య నుంచి పోతోంది. చప్పుడు చెవులకు కాదు, అరికాళ్లకు తెలిసింది. నోరు తెరుచుకుని నిలబడ్డానని డ్రైవరు తర్వాత ఊరంతా చెప్పాడు.

పని చిన్నదే. నది నడుమ ఒక గడ్డ ఉంది, దాని మీద రెండు పల్లెలు. మామూలు రోజుల్లో వాళ్లు పుట్టిలో దాటుతారు. తోలు కప్పిన గుండ్రటి పుట్టి వరదలో నిలవదు. అప్పుడు మా బోట్లు పోవాలి. గింజలు, మందులు అటు. జబ్బు మనుషులు, నెలలు నిండిన ఆడవాళ్లు ఇటు, దవాఖానకు. మేము పదకొండు మందిమి. రెండు బోట్లు, రెండు ఇంజన్లు, ఒడ్డున రాతిగుట్ట మీద మూడు గుడారాలు. పొద్దున 06.00కు, సాయంత్రం 18.00కు నేను కంపెనీతో మాట్లాడాలి. ఒడ్డు బండ మీద అడుగుకొక సున్నపు గీత కొట్టాం. నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చెప్పాలి. 18.30 దాటితే బోటు కదలకూడదు.

మా పెద్ద హవల్దారు, పంజాబీ మనిషి. చేతికి గడియారం, మాటకు ముందు ఒకసారి దాన్ని చూడడం. బోట్ల మీద అధికారం నాయక్‌ది, గోదావరి ఒడ్డువాడు. నా తెలంగాణ యాస వింటే చాలు పడీపడీ నవ్వేవాడు. ఇంజను చూసేది గఢ్వాల్ కొండల నుంచి వచ్చిన కుర్రజవాను. అందరూ పహాడీ అనేవాళ్లు. మాట తక్కువ. వాళ్ల ఊళ్లో నది తెల్లగా ఉంటుందని, అడుగు కనిపిస్తుందని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఇక లాంగ్రీ. ఫౌజులో వంటవాణ్ని అట్లా అంటారు. హుజూర్‌నగర్ వైపు మనిషి, చర్చికి పోయే కుటుంబం. వాళ్ల తాతకు సొంత భూమి లేదు, దొర దగ్గర జీతం ఉన్నాడట. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అంటే ఆయన తమ్మీ అనేవాడు.

వారానికి రెండు బతికున్న మేకలు, ఒక ఆలుగడ్డల బస్తా లారీలో వచ్చేవి. సాయంత్రం మేక కోస్తే కూర రెండు మూడు పొద్దులకు మిగిలేది. ఏదీ పారేయవద్దని హవల్దారు హుకుం. మొదటిరోజు ఈ మాట విని, పొద్దున్నే వేడి చేసిన సద్దికూర తినాలి కాబోలనుకున్నాను. మా ఇంట్లో అదే అలవాటు, దానికి వంక పెట్టేదేం లేదు. కానీ లాంగ్రీ చేసింది అది కాదు.

స్టోరులో సిమెంటు కలిపే ఇనుప తసల ఒకటి ఉంది, మూరెడు వెడల్పు. దాన్ని ఆయన నిప్పుల్లో కాల్చి, చింతపండుతో, బూడిదతో తోమి, నూనె పట్టించి నల్లగా నిగనిగలాడేట్టు చేశాడు. దాన్ని సబ్బుతో కడగబోయిన డ్రైవరు రెండు రోజులు చాయ్ లేకుండా ఉన్నాడు. గరిటె బదులు తాపీమేస్త్రీ వాడే తాపీ. ఇంజనీర్ల దళంలో ఉన్నందుకు మాకు దక్కిన వంటసామాను అది.

పని సాయంత్రమే మొదలయ్యేది. ఆలుగడ్డలు పొట్టుతో ఉడకబెట్టి, నీళ్లు వంచి, గోనె మీద పరిచి వదిలేసేవాడు. మిగిలిన మాంసాన్ని పులుసంతా ఇగిరిపోయేదాకా మళ్లీ మరిగించి మూత పెట్టేవాడు. వేడి ఆలుగడ్డ ముద్దవుతుంది, రాత్రంతా చల్లారిందే వేగుతుంది అని నాకు ఆయనే చెప్పాడు. 05.00కు పొయ్యి. ముందు మేక కొవ్వు వేసి కరిగించేవాడు. ఉల్లిగడ్డ. ఉల్లి రంగు తిరిగాక ఆలుగడ్డ ముక్కలు పరిచి, తాపీతో అదిమి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. కలపడు. ఎవరైనా తాపీ మీద చెయ్యి వేస్తే ఆ చేతి మీద ఒకటి వేసేవాడు.

ఆయన చూసేవాడు కాదు, వినేవాడు. నది అంత చప్పుడు చేస్తుంటే, తసల మీదకు తల వంచి, కళ్లు మూసుకుని వినేవాడు. మొదట చినుకులు పడ్డ చప్పుడు వస్తుంది. అది తగ్గి ఎండుటాకు మీద నడిచినట్టు వచ్చినప్పుడు తాపీ కిందికి దూర్చి ఒక్కసారి తిప్పేవాడు. అడుగంతా ఎర్రగా, గట్టిగా, ఎక్కడా మాడకుండా పైకొచ్చేది. అప్పుడు ఎముకల నుంచి తీసిన మాంసం, పచ్చిమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, ఉప్పు. మళ్లీ అదమడం, మళ్లీ వినడం. 05.40కి దించేవాడు. ఒక్కరోజు కూడా 05.41 కాలేదు. ఆయన దగ్గర గడియారం లేదు. నేను నా జీవితంలో చాలామంది పనివాళ్లను చూశాను, మా బాపుతో సహా. పని ముందు అంత నిశ్శబ్దంగా కూర్చున్న మనిషిని మళ్లీ చూడలేదు. సిపాయినై ఉండి కూడా ఆ తసల ముందు నాకు భయం లాంటిదేదో కలిగేది.

దానికి పేరు లేదు. జొన్నరొట్టెతో తినేవాళ్లం. రెండో పొద్దునే గొడవ వచ్చింది. అంచు ముక్క కరకరలాడుతుంది, అది అందరికీ కావాలి. డ్రైవరు, నాయక్ చొక్కాలు పట్టుకోవడం ఒకటే తక్కువ. మరునాడు లాంగ్రీ పది మోదుగాకులు పరిచాడు. తాపీతో కోసి పది కుప్పలు పెట్టాడు, ఒక్కోదానికి కొంత అంచు, కొంత నడుమ. తసలలో మిగిలింది పదకొండోది, తనది. నన్ను పిలిచి గుట్ట వైపు తిరిగి కూర్చోమన్నాడు.

"మా వాడకట్టుల మేకను కోస్తె గిట్లనే చేస్తరు తమ్మీ. నేను కుప్ప మీద చెయ్యి వెడ్త. నువ్వు సూడకుండ పేరు చెప్పు."

ఎవరిది అని మా వైపు యాసలోనే అడిగాడు. "గిదెవలిది?"

నేను హవల్దార్ సాబ్‌ది అన్నాను. తర్వాతిది డ్రైవర్‌ది. అట్లా పది పేర్లు. కోసినవాడు ఎంచుకోడు, పిలిచినవాడు చూడడు, ఇక ఎవరు ఎవరిని తిడతారు? ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. నాయక్ నా మాట మరిచిపోయి ఆయన మాటను వెక్కిరించడం మొదలుపెట్టాడు. పహాడీకి మాత్రం అది ఎంతో నచ్చింది. ఇంజనుకు నూనె పోస్తూ కూడా గిదెవలిది, గిదెవలిది అని తనలో తాను అనుకునేవాడు. అతనికి వచ్చిన తెలుగు అదొక్కటే.

ఆ పద్ధతికి ఒక నియమం ఉంది. లాంగ్రీ మొదటిరోజే చెప్పాడు.

"పేరు వడ్డంక ఆ కుప్ప ఆయనదే. మల్ల తసలల కలుపొద్దు. మనిషి లేకుంటె మనిషి కాడికి చేర్చాలె."

వాళ్ల తాత రోజుల్లో ఎవరో పొరపాటున, అంతకు ముందు వారమే చనిపోయినవాడి పేరు పిలిచారట. కుప్ప వెనక్కి తీయలేదు. తీసుకుపోయి అతని భార్య చేతిలో పెట్టారు. ఆమె ఏడ్చిందట, తర్వాత వండుకుని తిన్నదట. ఆ కథ విని మేమెవ్వరం నవ్వలేదు.

మూడో వారంలో వాన పట్టుకుంది. అయిదు రోజులు తెరిపి లేదు. నీళ్లు పద్నాలుగో గీత దాటాయి. అయిదో రోజు 16.10కి నాయక్, పహాడీ జొన్నల బస్తాలతో గడ్డకు పోయారు. దించేసి తిరిగొస్తుంటే 16.50కి ఇంజను ఆగింది. గుట్ట మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. బోటు అడ్డం తిరిగింది, బండకు కొట్టుకుని బోర్లా పడింది. నాయక్‌ను రెండు ఫర్లాంగుల కింద జాలర్లు తాడేసి లాగారు, ఎడమచెయ్యి వాచిపోయింది. పహాడీ కనపడలేదు.

చూపు ఆనినంతసేపు వెతికాం. మరునాడు తెల్లారి 05.30 నుంచి సాయంత్రం దాకా రెండో బోటులో నాలుగు మైళ్ల కిందిదాకా వెతికాం. అతని లైఫ్‌బెల్టు ఒక్కటి దొరికింది, పట్టీ తెగి ఉంది. 18.00కు కంపెనీ మాట్లాడింది.

"ఘాట్, ఘాట్. వరద కిందికి దిగుతోంది. బోటు కింది ఘాటుకు కావాలి. వెతుకులాట ఆపండి. రేపు 09.00కు క్యాంపు ఎత్తండి. ఓవర్."

హవల్దారు నా పక్కనే ఉన్నాడు. గడియారం చూసుకున్నాడు. అందింది అని చెప్పమన్నాడు. చెప్పాను. ఆ ఒక్క మాట నా నోటితో చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున లేచేసరికి వాన లేదు. 05.15కు గీత చూశాను. నీళ్లు మూడు అడుగులు తగ్గాయి. ముందటి సాయంత్రం మేకను కోసి కూర వండారు గాని ఎవ్వరం సరిగ్గా తినలేదు, అందుకని చాలా మిగిలింది. లాంగ్రీ ఎప్పటిలాగే తసల పెట్టాడు, ఎప్పటిలాగే విన్నాడు. 05.40కి దించాడు. తొమ్మిది మోదుగాకులు పరిచాడు. తసలలో తనది. మొత్తం పది. నేను గుట్ట వైపు తిరిగి కూర్చున్నాను.

"గిదెవలిది?"

"హవల్దార్ సాబ్‌ది."

"గిదెవలిది?"

"డ్రైవర్‌ది."

అయిదోసారి అడిగాడు. నేను పహాడీది అన్నాను.

కావాలని పిలిచావా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. లేదు. ఇరవై రోజులుగా అయిదో పేరు అదే. నోరు దాని దారిన అది పోయింది. అన్న తర్వాత గాని నాకు తెలియలేదు. తిరిగి చూసే ధైర్యం లేక అట్లాగే కూర్చున్నాను. కాసేపటికి లాంగ్రీ తరువాతి కుప్ప అడిగాడు. మిగిలిన పేర్లు చెప్పాను. ఆఖరి పేరుకు ఆకుల మీద కుప్ప లేదు. ఆయన తసలలో ఉన్న తన వాటా తీసి కొత్త ఆకులో పెట్టాడు. పహాడీ ఆకును మడిచి, ఇంకో ఆకు చుట్టి, తన తువ్వాలలో మూట కట్టాడు. తసల ఖాళీ.

దాన్ని నువ్వు తిను అని హవల్దారు హిందీలో మెల్లగా అన్నాడు. ఆ ముసలి మీసాల కింద అంత మెత్తని మాట ఉంటుందని నాకు తెలియదు.

"పేరు వడ్డది సాబ్," అన్నాడు లాంగ్రీ తెలుగులోనే. "చేర్చాలె."

నేను హిందీలో చెప్పాను. హవల్దారు ఆర్డరు వచ్చిందని గుర్తు చేశాడు. లాంగ్రీ వాదించలేదు. మూట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదింటికి గదా ఎత్తేది, ఇప్పుడు ఆరు కూడా కాలేదు అని మాత్రం అన్నాడు. హవల్దారు గడియారం చూసుకున్నాడు, నదిని చూశాడు, వాచిన చేత్తో కూర్చున్న నాయక్‌ను చూశాడు.

"బోటు అప్పజెప్పే ముందు ఇంజను పరీక్ష చెయ్యాలి," అన్నాడు. "08.30కి ఇక్కడ ఉండాలి. నిమిషం దాటితే ముగ్గురినీ కోర్టుమార్షలే."

06.00కు నీళ్ల లెక్క చెప్పేసి బోటెక్కాను. 06.10కి కదిలాం. ఒంటి చేత్తో ఇంజను దగ్గర నాయక్, నడుమ నేను, ముందు లాంగ్రీ, ఒళ్లో మూట. ఎవరి దగ్గరా ఆశ లేదు, నిజం చెప్పాలంటే. చనిపోయినవాడికి మర్యాద చేయడానికి పోతున్నామనే అనుకున్నాను. మూటను నీళ్లలో వదులుతాడని, నేను దండం పెడతానని, తిరిగొస్తామని అనుకున్నాను.

గడ్డ కొస దాటాక నాయక్ ఇంజను తగ్గించాడు. గడ్డ వెనక ఒక పాయ ఉంది. ముందురోజు అందులో బోటు పెట్టే వీల్లేదు, నీళ్లు బండలకు కొట్టుకుని మనిషి ఎత్తు లేస్తున్నాయి. ఇప్పుడు మూడు అడుగులు తగ్గేసరికి బండల తలలు బయటపడ్డాయి, మధ్యలో దారి కనిపిస్తోంది.

"ఇందులోకి పోదామంటావా?" అని నాయక్ నన్ను కాదు, లాంగ్రీని అడిగాడు. ఆయన భాషను వెక్కిరించకుండా అతను మాట్లాడింది ఆ రోజే.

"పో బిడ్డా," అన్నాడు లాంగ్రీ.

ఇంజను ఆపి తెడ్లతో పోయాం. మేఘాలు చీలి తూర్పున ఎండ పడింది. 07.20కి పాయ నడుమ మునిగిన ఏరుమద్ది చెట్టు కనిపించింది. పైకొమ్మల పంగలో ఖాకీ రంగు. లాంగ్రీ లేచి నిలబడ్డాడు, బోటు ఊగింది. ఆయన కేకలు వేయలేదు. మూటను పైకెత్తి పట్టుకున్నాడు. కొమ్మల్లో ఒక చెయ్యి లేచింది.

ముప్ఫై ఎనిమిదిన్నర గంటలు. నడుము బెల్టుతో తనను తాను కొమ్మకు కట్టుకున్నాడు. ముందురోజు మా బోటు దూరంగా పోవడం రెండుసార్లు చూశాడట, అరిచాడట. నీళ్ల హోరులో మాకు వినపడలేదు. బెల్టు కోసి దించితే ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయి ఉంది. వేళ్లు నాని తెల్లగా ముడుతలు పడ్డాయి. నీళ్లసీసా ఇస్తే కొంచెమే తాగాడు. నాయక్ బోటు అంచు పట్టుకుని ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. లాంగ్రీ మూట విప్పి అతని ముందు పెట్టాడు.

దాని తర్వాత జరిగింది ఆఖరికి చెప్తాను.

08.25కు ఒడ్డు చేరాం. హవల్దారు నీళ్లలోకి మోకాళ్లదాకా వచ్చి పహాడీని ఎత్తుకుని పైకి మోశాడు. తర్వాత తుడుచుకుని రోజువారీ పుస్తకం తీసి రాశాడు. ఇంజను పరీక్ష జరిగింది, పనిచేస్తోంది, అంతే. 09.00కు నేను సెట్టు ముందు కూర్చున్నాను.

"కదులుతున్నాం. పదకొండు మందిమి. ఓవర్."

"ఘాట్, మళ్లీ చెప్పు. ఎంతమంది?"

"పదకొండు."

అందింది అన్నారు.

వరదల డ్యూటీ సెప్టెంబరులో అయిపోయింది. పదిహేను రోజుల సెలవు దొరికింది. నల్గొండలో దిగి సంతలో ఆలుగడ్డలు కొని ఊరికి నడిచాను. ఇంటికి చుట్టాలొచ్చినట్టు మాంసం వండారు. పొద్దున్నే మిగిలిన కూరతో, మా అవ్వ రొట్టెల పెనం మీద ప్రయత్నించాను. చెవి పెట్టి విన్నాను. నాకు ఏమీ వినపడలేదు, అడుగు మాడింది. మంచి కూరను బొగ్గు చేసినవని అవ్వ తిట్టింది. బాపు మగ్గం దిగి వచ్చి ఆ మాడిన ముక్కే తిన్నాడు. ఫౌజుల ఏం చూసినవ్ రా అని అడిగాడు. మంచుకొండలు చూడలేదని చెప్పాను. చూసింది చెప్పడానికి ఆయన రొట్టె అయిపోయేంత సేపు పట్టింది. బాపు నవ్వలేదు. ఆ లాంగ్రీ మనింటికి వస్తే జర నాకు చూపించు అన్నాడు.

తర్వాత నిజంగానే మంచుకొండలకు పోయాను. కాల్పులు విన్నాను, మనుషులు పోవడం చూశాను. మీరు అడిగేవి ఆ కథలే. అడిగితే చెప్తాను కూడా. కానీ కళ్లు మూస్తే వచ్చేది మాత్రం ఆ పాయే.

పహాడీ మూటను చూశాడు. రెండు రాత్రులు, ఒక పగలు తిండి లేని మనిషి. మీద పడి తింటాడనుకున్నాం. అతను తల ఎత్తి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు, లెక్క పెడుతున్నట్టు. ఆకు విప్పాడు. ముడుతలు పడ్డ ఆ వేళ్లతో, ఆ కొంచెం కూరను నాలుగు కుప్పలు చేశాడు. ఒక్కోదానికి కొంత అంచు, కొంత నడుమ. పొద్దున్నుంచి ఏమీ తినని లాంగ్రీ వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిని పక్కకు జరిపాడు. తర్వాత నా వైపు చూశాడు. నా పని నాకు తెలుసు. అటు తిరిగి కూర్చున్నాను.

ముందు ఎర్రటి నీళ్లు. ఎండ వెనక నుంచి పడుతోంది. నీళ్ల మీద మా బోటు నీడ, అందులో నలుగురి నీడలు, ఒక నీడ చెయ్యి చాచి ఉంది. నీళ్లు కదులుతున్నాయి, ఆ చెయ్యి కదలడం లేదు.

"గిదెవలిది?" అన్నాడు పహాడీ.

చెయ్యి అట్లాగే ఆగి ఉంది.

"నీది," అన్నాను.